మతి చలించినవారియెడ పెద్దల ధర్మము



పెన్నానది కొండను చీల్చుకొని పాఱు లోయ యంచున నున్న గండికోటను మీలో పెక్కుమంది చూచియే యుందురు. మాధవరాయస్వామి యాలయమును, జామియా మసీదును, ధాన్యాగారమును చూచినవారు అచ్చటి పాత చెఱసాలను గూడ చూచియుందురు. నేరస్థుని రాతిగోడల నడుమ నుంచుట రాజనీతి. కాని యే నేరము నెఱుగనివానికి పసులకొట్టమే చెఱసాలయు, కాలిగొలుసే తీర్పు నైనచో, దానిని నీతి యందుమా? మతి చలించినవారి విషయమున గొలుసు, భూమి, రహస్యము అను మూడింటిని గూర్చి నేడు మనవి చేసెదను.

ఉన్మాదము రోగము, అపరాధము కాదు. చరకసంహితయందు నిదానస్థానమునను, చికిత్సాస్థానమునను దానికి ప్రత్యేకాధ్యాయములు కలవు. చికిత్సకు లోబడు వ్యాధి యని పూర్వవైద్యులే యెంచినదానిని మనము గుంజకు కట్టివేయుట తగదు.

గొలుసు తెచ్చు కీడు 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో లోకమునకు తెలిసినది. తెల్లవాఱుజామున పాకకు నిప్పంటుకొనగా, గొలుసులతో బంధింపబడిన రోగులు తప్పించుకొనజాలక 28 మంది మరణించిరి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చినది. దాని 95వ సెక్షను ప్రకారము మనోరోగిని ఏ విధముగను గొలుసుతో బంధింపరాదు. చట్టము నుల్లంఘించినవారికి తొలితప్పునకే 6 మాసముల వఱకు చెఱయైనను, 10,000 రూపాయల వఱకు జరిమానాయైనను, రెండునైనను విధింపవచ్చును.

అయితే ఒక చిక్కు కలదు. పెనిమిటి లేని తల్లి యొకతె యున్నదనుకొనుడు. కూలికి పోనిదే ఆమె యింట పొయ్యి రాజదు. కొడుకు బావివైపు పరుగెత్తునను భయముచేత వానిని కట్టివేసి పోవును. ఆమెను క్రూరురా లనవచ్చునా? చట్టము తప్పని చెప్పుట నిజమే. కాని వేఱు దారి చూపక గొలుసు విప్పుమనుట సగము ధర్మమే. పగటిపూట నలుగురు వంతులవారీగ కనిపెట్టియుండుట, జమ్మలమడుగు మీదుగ కడప ప్రభుత్వ వైద్యశాలకు తోడుపోవుట, దారిఖర్చు భరించుట, మందు మానకుండ చూచుట మిగిలిన సగము. దిక్కులేక తిరుగు రోగి కనబడినచో పోలీసుఠాణాకు తెలుపుడు. వారు వానిని లాకప్పులో నుంచక, 24 గంటలలోపల ప్రభుత్వ వైద్యశాలకు చేర్పవలెనని 100వ సెక్షను.

రెండవది భూమి. “వానికి పిచ్చి, వాని పాలు మేము దున్నుకొందుము” అని దాయాదులు రచ్చబండకు వచ్చుట కద్దు. రోగ మున్నంతమాత్రమున మనుష్యుని మతిలేనివానిగ తీర్మానింపరాదనియు, ఆ నిర్ణయము న్యాయస్థానమే చేయవలెననియు 3వ సెక్షను చెప్పుచున్నది. కావున మనము వ్రాయు పంచాయతీ కాగితముతో వాని హక్కు పోదు. పెద్దలకు ఎదురాడినవాడును, కులాచారము దాటి పెండ్లాడినవాడును అంతమాత్రమున పిచ్చివారు కారు.

మూడవది రహస్యము. రోగి సంగతులు వెలిబుచ్చరాదని 23వ సెక్షను చికిత్సచేయు ఆరోగ్యవృత్తినిపుణులను బంధించినది. మనలను చట్టము బంధింపకున్నను ధర్మము బంధించును. ఉదయము బావికడ జాఱిన మాట సాయంకాలమునకు ఒక పెండ్లిసంబంధమును చెఱచును. కాని రోగి ప్రాణము తీసికొందు నన్నను, పరులకు హాని చేయుదు నన్నను మౌనము తగదు. వైద్యునకును, దగ్గఱివారికిని వెంటనే తెలుపవలెను. ఆత్మహత్యకు యత్నించినవానిమీద కేసు వచ్చునని భయపడి దాచవలదు. తీవ్రమైన మనోవేదనచేత నట్లు చేసెనని 115వ సెక్షను భావించి, వానికి చికిత్సయు, సంరక్షణయు కల్పించు బాధ్యతను ప్రభుత్వముమీద నుంచినది.

టెలిమానస్ అను ప్రభుత్వ సహాయవాణి 2022 అక్టోబరు 10న ఆరంభింపబడినది. 14416 సంఖ్యకు రాత్రింబవళ్లు ఉచితముగ ఫోను చేసి తెలుగున మాటాడవచ్చును. ఈ సంఖ్యను రచ్చబండ గోడమీద వ్రాయింపుడు. అంతతో ఊరకుండక, ఏ యింట గొలుసుచప్పుడు వినబడునో ఆ యింటికి రేపే పోయి, “అమ్మా, నీవు పనికి పొమ్ము, అబ్బాయిని మేము చూచుకొందుము” అని చెప్పుడు.