పాత పుస్తకం: కాగితమూ, మనుషులూ
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరుని కదా, యంత్రాల గురించి చెబుతానని మీరనుకుని ఉంటారు. నేను పుస్తకం గురించి చెబుతాను. అదీ మనుషులు తయారుచేసిన వస్తువే. దానికీ ముడిసరుకుంది, శ్రమ ఉంది, ఆయుష్షుంది.

గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు మన జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం మనందరికీ తెలుసు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, సవర భాష వచ్చినవారిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. మన మందస, మెళియాపుట్టి కొండల్లో వినబడే భాష అది. కొండల్లో తిరిగి జ్వరం తెచ్చుకున్నారు. క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారని చెబుతారు. చెవితో భాష పట్టిన మనిషికి చెవే పోయింది.

ఆయన సవర భాషా మాన్యువల్ 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయ్యాయి. ఈ రెండిటి మధ్య, 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. దాన్ని ఒప్పుకోలేక డెబ్బయి రెండేళ్ల వయసులో ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఊరు వదిలినా పని వదల్లేదు.

ఆ నిఘంటువు అట్ట మీద ఉండేది ఒక్క పేరే. లోపల మాటకి మాట చెప్పిన సవరలున్నారు. తానెన్నడూ వినని మాటల్ని పొల్లుపోకుండా కూర్చిన మద్రాసు కంపోజిటర్లున్నారు. అయితే అర్థాలు ఇంగ్లీషులో ఉన్నాయి. మాటలిచ్చిన వారిలో ఎందరు దాన్ని చదవగలిగి ఉంటారు? ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవర పిల్లలకి బడి పెట్టమని పంతులుగారు అడిగారట. ఆ లోటు ఆయనకి తెలుసన్నమాట. 1936లోనే మంగేయి గొమాంగో సవరకి సొంత లిపి తయారుచేశారు. 2012లో అది యూనికోడ్‌లోకి వచ్చింది.

ఇక కాగితం సంగతి. కలపగుజ్జు కాగితానికి సిరా పాకకుండా పటిక, గుగ్గిలం పట్టించేవారు. ఆ పటికే గాలిలో తేమతో కలిసి ఆమ్లమై కాగితాన్ని లోపల్నుంచి తినేస్తుంది. అందుకే పాత పేజీ పసుపెక్కి, మడతపెడితే విరుగుతుంది. తేమ తగిలిన జీడిపప్పు ఏమవుతుందో పలాస వాళ్లకి ఒకరు చెప్పాలా? ఉద్దానం ఉప్పుగాలిలో పుస్తకమూ అంతే. 2018 తిత్లీ తుపాను మన తోటల్ని ఏం చేసిందో చూశాం. కప్పు ఎగిరిన ఇంట్లో కాగితం ఎంతసేపు నిలుస్తుంది?

స్కాన్ చేసి పాతవి తీసేద్దామని కొందరు మిత్రులు అంటున్నారు. స్కాన్ చేయాల్సిందే. కొండ మీద బడిలో మాస్టారికి పుస్తకం చేరే దారి అదే. కానీ స్కాన్‌లో ఒక గీత చెరిగితే సరిచూసుకోడానికి అసలు ప్రతి కావాలి. పైగా గ్రంథాలయం ముద్ర, వెల, వెనక అంటించిన చీటీ మీద తేదీలు ఆ పుస్తకం ఎవరి డబ్బుతో వచ్చిందో, ఎన్నేళ్లు ఎవరూ ముట్టలేదో చెబుతాయి. అది కూడా చరిత్రే.

స్వర్ణోత్సవానికి ఆర్చి కట్టాలన్న ఆలోచన మంచిదే. దాంతోపాటు గోడకి జానెడు దూరంలో, నేలకి ఎత్తుగా ఒక ఇనప బీరువా పెడదాం. ఒక రిజిస్టరు తెరుద్దాం. చిరిగిన పేజీకి సెలోటేపు వేయొద్దు, తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టొద్దు; నీడన గాలికి ఆరనివ్వాలి. మీ తాతల పెట్టెల్లో పాత వ్యాకరణాలు, పంచాంగాలు, పత్రికలు ఉంటే తూకానికి వేసేముందు మాకు ఒక్కసారి చూపించండి.

కొండ ఊళ్ల నుంచి వచ్చి ఇక్కడ చదువుకున్న మిత్రులకి ఒక మనవి. ఆ నిఘంటువు ప్రతి ఒకటి సంపాదించే పూచీ నాది. మీ ఇంటి పెద్దల దగ్గర కూర్చుని ఒక్కో మాటా చదివి వినిపించండి. ఏ మాట ఇంకా బతికుందో, ఏది మారిందో వాళ్లు చెబితే విడిగా ఒక నోటుబుక్కులో రాయండి. ఆ నోటుబుక్కుకీ మన బీరువాలో చోటుంటుంది. దాని అట్ట మీద చెప్పినవారి పేర్లు కూడా రాద్దాం.