రాబందు మన ఊరికి చేయు మేలు

పంచాయతీ సభ్యులారా!

రాబందు కనబడుటయే అశుభమని తలచువారు పెక్కుమంది గలరు. కాని పొలిమేరను దానివలె శుభ్రపరచు జీవి వేరొకటి లేదు. దాని జీర్ణకోశములోని ఆమ్లము మిక్కిలి తీవ్రమైనది. కుళ్ళిన కళేబరములోని పెక్కు రోగక్రిములు అందులో నశించును.

1990వ దశకమున మన దేశములో రాబందులు గుంపులు గుంపులుగా చావసాగెను. పశువులకు నొప్పి తగ్గుటకై ఇచ్చు డైక్లోఫెనాక్ అను మందే ఇందుకు కారణమని 2003లో తేలినది. ఆ మందు పుచ్చుకొని చచ్చిన పశువును తిన్న రాబందునకు మూత్రపిండములు చెడును. 1992, 2007 సంవత్సరముల మధ్య తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా తగ్గిపోయినవి. ఆడపక్షి ఏడాదికి ఒక్క గుడ్డే పెట్టును గనుక ఈ లోటు త్వరగా తీరునది కాదు. రాబందులు లేనిచోట కళేబరములు ఊరకుక్కల పాలై, వాని సంఖ్య పెరిగినది. దానితో కుక్కకాటు భయమును హెచ్చినది.

ఆ మందును పశువులకు వాడరాదని ప్రభుత్వము 2006లో నిషేధించినది. మనుష్యులకై అమ్ము మందును పశువులకు పొడువకుండ మీరు చూడవలెను. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ గురించి పశువైద్యుని అడుగవలెను. మందు పుచ్చుకొని చచ్చిన పశువును బయట పారవేయక, లోతుగా పాతిపెట్టించవలెను. ఈ సంగతులను రాబోవు గ్రామసభలో పశువుల యజమానులకు తెలియజేయుడని నా మనవి.