సీసము – కంఠగ్రంథి

నా శిష్యులు కొందరు నాంపల్లి స్టేషనులో రైలు దిగి, ఆబిడ్స్ జగదీశ్ మార్కెటులో సెల్‌ఫోనులు బాగుచేయుచు జీవించుచున్నారు. వారు కరగించు సోల్డరుతీగలో తరచుగా 60 పాళ్లు తగరము, 40 పాళ్లు సీసము. 2000వ సంవత్సరమున పెట్రోలునుండి సీసము తొలగింపబడుటచే వీధిగాలి కొంత శుద్ధమైనది. పనిబల్లపై నది నిలిచియే యున్నది. పొగకంటె వ్రేళ్ల నంటిన ధూళియే అన్నముతో కడుపు చేరును. సీసము నాడులను, మూత్రపిండములను చెఱచుట నిశ్చయము. కంఠమందలి థైరాయిడు గ్రంథినిగూడ బాధించునని కొన్ని పరిశోధనలు మాత్రమే చూపినవి. ఆ గ్రంథి మందగించినచో అలసట, చలి, మలబద్ధము కలుగును. అట్టివానికి టీ.ఎస్.హెచ్. పరీక్షయు, రక్తమున సీసపు పరీక్షయు చేయింపుడు. ఆనాడు పలక కడుగుమని చెప్పితిని. నేడు చేతులు సబ్బుతో కడిగి భుజింపుమని చెప్పుచున్నాను. మీరును మీ మనుమలకు చెప్పుడు.