మామిడి వాసన వెనక నికోటిన్
(ఫోరం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఉన్న ఒక్క సెలవు రోజూ వదులుకుని సోనాపూర్ నుంచి, అల్ కోజ్ నుంచి వచ్చిన అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

మేము సైటు సూపర్‌వైజర్లం. షటరింగు గురించో, స్టీలు గురించో అయితే గంటసేపు మాట్లాడతాం. ఈ విషయం నిజానికి డాక్టర్లు చెప్పాలి. కానీ డాక్టరు క్యాంపుకు రాడు కదా. రాత్రి పది గంటలకు మంచం మీద పడుకుని పిల్లగాడు ఏం పీలుస్తున్నాడో చూసేది మేమే.

జగిత్యాల నుంచి, నిజామాబాద్ నుంచి, కడప నుంచి కొత్తగా వచ్చే ఇరవై ఏళ్ల కుర్రాళ్లలో సిగరెట్ ఎన్నడూ ముట్టనివాళ్లు కూడా వేప్ పట్టుకుంటున్నారు. అడిగితే ఒకటే మాట: "అన్నా, ఇది సిగరెట్ కాదు, మామిడి ఫ్లేవర్." మామిడి, పుచ్చకాయ, బబుల్‌గమ్! నలభై ఏళ్ల మేస్త్రీ కోసం ఎవరైనా బబుల్‌గమ్ వాసన తయారు చేస్తారా?

నికోటిన్ ఘాటుగా ఉంటుంది, గొంతులో గుచ్చుతుంది. మొదటిసారి పీల్చినవాడు దగ్గి పారేయాలి, అది శరీరం ఇచ్చే హెచ్చరిక. పండు రుచి, చల్లదనం, నికోటిన్‌ను సాల్ట్ రూపంలోకి మార్చడం, ఈ మూడూ కలిసి ఆ హెచ్చరికను నొక్కేస్తాయి. డబ్బా మీద 5 శాతం అని ఉంటే మిల్లీలీటరుకు 50 మిల్లీగ్రాముల నికోటిన్ అని అర్థం. యూరోపియన్ యూనియన్‌లో 20 మిల్లీగ్రాములు దాటనివ్వరు. మెదడు ఇరవై అయిదేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుందంటారు. ఆ వయసులో పట్టుకున్న అలవాటు గట్టిగా కూర్చుంటుంది.

ఇదేం కొత్త సంగతి కాదు. మన ఊళ్లో తియ్యటి వక్కపొడి ప్యాకెట్టుతో మొదలై గుట్కా దాకా పోయినవాళ్లు మనందరికీ తెలుసు. తినే వస్తువులో పొగాకు, నికోటిన్ కలపకూడదని 2011లో ఆహార భద్రత నిబంధన వచ్చింది. గుట్కా నిషేధాలకు ఆధారం అదే. అమెరికాలో 2009లో పండ్ల రుచుల సిగరెట్లు ఆపారు, మెంథాల్ మాత్రం వదిలేశారు. మన దేశంలో 2019లో ఈ-సిగరెట్లనే మొత్తం నిషేధించారు. ఇక్కడ అదే ఏడాది అమ్మకానికి అనుమతి వచ్చింది, పద్దెనిమిది లోపు వాళ్లకు అమ్మకూడదు. ఇక్కడి 2009 చట్టంలో ఒక మంచి మాట ఉంది: సిగరెట్ లాగా కనిపించే మిఠాయిలు అమ్మకూడదు. మరి మిఠాయి రుచి ఉన్న నికోటిన్ సంగతేంటి? మనం ఈ దేశంలో బతకడానికి వచ్చినవాళ్లం, చట్టాలు చేసేవాళ్లం కాదు. అయినా మర్యాదగా అడగవచ్చు.

కొందరు అన్నలు అంటారు, "సిగరెట్ మానడానికే వేప్ పట్టాను, దాన్ని కూడా తీసేస్తారా?" అని. సరైన ప్రశ్నే. నెదర్లాండ్స్‌లో 2024 నుంచి పొగాకు రుచి ఒక్కటే ఉంచి మిగతావి తీసేశారు. సిగరెట్ మానేవాడికి అది సరిపోవచ్చు. కొత్త పిల్లగాడికి దాని మీద మనసు పోదు. మా ఓటు దానికే.

ఇక మన పని సంగతి. నికోటిన్ గుండె వేగాన్ని, బీపీని పెంచుతుంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని ఆపిస్తున్నారంటే ఆ వేడి ఎంతటిదో తెలుసు కదా. అప్పటికే గుండె రెట్టింపు కష్టపడుతోంది, పైనుంచి ఇది. దానిలో లిథియం బ్యాటరీ కూడా ఉంటుంది. ఎండలో నిలిపిన బండి డ్యాష్‌బోర్డు మీద పెట్టి పోవద్దు.

ఊరికి పోయేవాళ్లకు ముఖ్యంగా ఒక మాట. బావమరిదికో, తమ్ముడికో గిఫ్టని సామానులో వేప్ పెట్టకండి. 2019 చట్టం ప్రకారం దిగుమతి నేరం. మొదటిసారికే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పెర్ఫ్యూమ్ తీసుకుపోండి, ఖర్జూరాలు తీసుకుపోండి.

వచ్చే వారం మేము నలుగురం క్యాంపు పక్కనున్న బకాలా ఆయనతో మాట్లాడబోతున్నాం. చాక్లెట్ల పక్కనున్న ఆ రంగుల డబ్బాలను కౌంటరు వెనక్కి మార్చమని అడుగుతాం. మలయాళీ ఆయన, మంచివాడు, ఆయనకూ ఊళ్లో పిల్లలున్నారు. మాతో రావాలనుకునేవాళ్లు మీటింగ్ అయ్యాక టీ దగ్గర పేరు చెప్పండి.