అంకెలకు ఆకారము



గ్రంథాలయ రజతోత్సవ సభలో కావ్యప్రసంగమునకు బదులు పట్టికల ప్రసంగమేమని మీలో కొందరు తలంచవచ్చును. నేను లెక్కలు వ్రాసి బ్రదుకువాడను. కావ్యములు గురువు లేక చదివికొన్నవాడను. ఈ రెండింటికిని చుట్టరికము కలదని పావులూరి మల్లన వలన తెలిసికొంటిని. మహావీరాచార్యుని సంస్కృత గణితమును తెలుగు పద్యములలోనికి తెచ్చుచు ఆయన ఉన్నదున్నట్లు దించలేదు. జైనసంబంధములగు ఉదాహరణములను మార్చి శైవసంబంధములైనవి చేర్చెను. ఒకరు కట్టిన యింటికి మరియొకరు గది వేయుట యన్నమాట.

నేడు కంప్యూటరు లోకములో ఈ పని నిత్యము జరుగుచున్నది. 2003 డిసెంబరులో పుట్టిన మన తెలుగు వికీపీడియాను నడపునది మీడియావికీ అను సాఫ్టువేరు. దాని మూలము ఎల్లరకును తెరచియుండును. క్రొత్త సౌకర్యమును ఎవరైనను వ్రాసి పంపవచ్చును; కాని మరియొకరు పంక్తి పంక్తియు చదివి సమ్మతించినగాని అది మూలములో కలియదు.

అంకెలను పటముగా చూపుటకు అందు మునుపు గ్రాఫ్ అను పొడిగింపు ఉండెడిది. దానిలో భద్రతాలోపము బయటపడుటచే 2023 ఏప్రిలులో నిలిపివేసిరి. వేలకొలది పుటలలో పటములున్న చోట్లు బోసిపోయెను. దానికి మారుగా చార్ట్ అను పొడిగింపును నిర్మించి 2025లో విస్తారముగ వాడుకలోనికి తెచ్చిరి.

దీని నిర్మాణము నా మనస్సునకు నచ్చినది. అంకెల పట్టిక ఒక పుటలో, పటము రేఖయా, స్తంభమా, వృత్తమా యను వివరము వేరొక పుటలో ఉండును. రెండును కామన్స్ అను ఉమ్మడి భాండారమందే. పట్టికలో ఒక అంకెను దిద్దినచో ఏ భాషలోని పటమైనను తానే దిద్దుకొనును. శీర్షికలు తెలుగులోనే వ్రాయవచ్చును. ఎవరు, ఎన్నడు దిద్దిరో నిలిచియుండును. దిద్దుబాటు ప్రక్క చేవ్రాలు లేని ఖాతాపుస్తకమును నేనెన్నడును నమ్మను!

అయినను పటము అసత్యమును కూడ అందముగా చెప్పగలదు. మన సిద్దిపేట జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడినది. మెదకు జిల్లా భాగమునకు కరీంనగరునుండి హుస్నాబాదు ప్రాంతము, వరంగల్లునుండి చేర్యాల ప్రాంతము వచ్చి చేరినవి. కనుక 2001, 2011 జనగణన పుస్తకములలో సిద్దిపేట జిల్లా అను వరుసయే లేదు. ఆ రెండేండ్ల సంఖ్యలను ప్రక్కప్రక్కన నిలుపగోరువాడు మూడు పాత జిల్లాల పుస్తకములు తెరచి, మండలములు కూడ చీలినవి గనుక, గ్రామము వెంట గ్రామము కూడవలెను.

రాష్ట్రమునకును ఇదే చిక్కు. 2011 లెక్క ప్రకారము తెలంగాణ పది జిల్లాల జనసంఖ్య 3,51,93,978. 2014లో ఖమ్మము జిల్లానుండి కొంత ప్రాంతము ఆంధ్రప్రదేశునకు పోగా మిగిలినది 3,50,03,674. రెండును సరియైనవే. ఏ హద్దునకు ఏ సంఖ్యయో చెప్పక స్తంభములు నిలిపినచో, లక్షా తొంబదివేల పైచిలుకు జనము మాయమైరని చూపరి భ్రమపడును. పట్టికపుటలో ఆధారములు వ్రాయుటకు ఒక గడి కలదు. దానిని ఖాళీగా విడువవలదని నా ప్రార్థన.

ప్రోగ్రాములు వ్రాయనేర్చిన యువకులు ఆ పొడిగింపునకు మెరుగులు దిద్దుదురు గాక. తక్కినవారము హుస్నాబాదు, చేర్యాల గ్రామముల వరుసలు కూడుదము. సరిచూచుటకు సాయంకాలములందు నేనిక్కడనే యుందును.