మొదటి ఏడాది ఎక్కడ ఉండాలి? ఎంతవుతుంది?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట చాలామంది జ్ఞాపకాలు చెప్పారు. నాకు మాత్రం లెక్క చెప్పే పని అప్పగించారు. ఇంజినీరును కదా, అదే నయం. మన బడిలో పదో తరగతి చదివి, ఇంటర్ ముగించి, హైదరాబాద్‌లో సీటు తెచ్చుకున్న పిల్లల గురించి మాట్లాడతాను. ట్యూషన్ ఫీజుకు ప్రభుత్వ రీయింబర్స్‌మెంట్ ఉంది. కానీ పిల్లవాడు ఎక్కడ పడుకోవాలి, ఏం తినాలి అన్నదానికి ప్రైవేటు హాస్టల్లో ఆ పథకం వర్తించదు. సీటు వచ్చి కూడా వెనక్కి తగ్గే కుటుంబాలు ఆగిపోయేది ఇక్కడే.

మొదటి మాట. హాస్టల్ సంగతి అడ్మిషన్ అయ్యాక చూడవలసింది కాదు, వెబ్ ఆప్షన్లు పెట్టకముందే చూడాలి. కాలేజీకి సొంత హాస్టల్ ఉందా? మొదటి సంవత్సరం వాళ్లకు ఇస్తారా? మెస్ ఫీజు గదితో కలిపా, విడిగానా? ఈ మూడూ ఫోన్ చేసి కనుక్కోవచ్చు. బాసరలోని ఆర్జీయూకేటీ వంటి చోట్ల చదువూ వసతీ కలిసే ఉంటాయి. నగరం చుట్టూ ఉన్న ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల సంగతి ఒక్కోటి ఒక్కో తీరు.

అర్హత ఉన్నవాళ్లు ముందు అడగవలసింది ఎస్సీ, ఎస్టీ, బీసీ సంక్షేమ శాఖల కాలేజీ హాస్టళ్లను. ఇంటర్ నుంచి పీజీ వరకు ఒక్కో విద్యార్థికి నెలకు 1,500 రూపాయలుగా ఉన్న మెస్ ఛార్జీని 2024 నవంబరు నుంచి 2,100 చేశారు. అక్కడ సీటు దొరికితే కుటుంబం మీద భారం చాలావరకు తప్పినట్టే. సీట్లు తక్కువ, అందుకే ముందుగా దరఖాస్తు చేయాలి.

అది దొరకనప్పుడు మిగిలేవి రెండు దారులు: కాలేజీ హాస్టల్, బయట ప్రైవేటు హాస్టల్. స్నేహితులతో గది తీసుకుని వండుకోవడం మూడోది. గ్యాసు, సామాను, అద్దె ఒప్పందం, వంట అన్నీ కొత్త ఊళ్లో పదిహేడు, పద్దెనిమిదేళ్లవాడి నెత్తిన పడతాయి. రెండో ఏడాదికి మంచిదే, మొదటి ఏడాదికి నేను చెప్పను.

ఇక లెక్క. ఈ అంకెలు పద్ధతి చూపడానికి వేసుకున్నవి. మీ కాలేజీ అంకెలు పెట్టి మీరే వేసుకోండి.

కాలేజీ హాస్టల్ గది, మెస్ కలిపి పది నెలలకు 90,000 అనుకుందాం. అంటే నెలకు తొమ్మిది వేలు. కాషన్ డిపాజిట్ 10,000, అది చివర్లో తిరిగి వస్తుంది. బయట త్రీ షేరింగ్‌లో మంచం నెలకు 7,000. చూడగానే బయటే చవక అనిపిస్తుంది. అయితే పది నెలల 70,000కు బస్సు ఖర్చు నెలకు 800 చొప్పున 8,000 కలపండి. హాస్టల్లో పెట్టని పూట బయట తినే తిండికి నెలకు 1,000 చొప్పున 10,000. సెలవుల్లో మంచం పోకుండా రెండు నెలలు సగం అద్దె, 7,000. ఖాళీ చేసేటప్పుడు మెయింటెనెన్స్ పేరుతో అడ్వాన్సులో కోసుకునేది 2,000. మొత్తం 97,000. చవక అనుకున్నదే ఏడు వేలు ఎక్కువయింది. ఆడపిల్లలకు 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీలో ఉచిత ప్రయాణం ఉంది కనుక బస్సు వరుస తీసేయవచ్చు. అయినా లెక్క రెండు వైపులా దాదాపు సమానం, అంతే.

మరి పేద కుటుంబాలు బయటి హాస్టలే ఎందుకు ఎంచుకుంటాయి? వాళ్లకు లెక్క రాక కాదు. మొదటి రోజు కట్టవలసింది చూడండి. కాలేజీలో సగం ఫీజు 45,000, డిపాజిట్ 10,000, వెరసి 55,000. బయట ఒక నెల అద్దె, ఒక నెల అడ్వాన్సు, 14,000. చేతిలో పదిహేను వేలే ఉన్న తండ్రికి రెండో దారి తప్ప లేదు. డబ్బు తక్కువ ఉన్నవాడే ఏడాది చివరికి ఎక్కువ కడుతున్నాడు. ఈ సభ పట్టించుకోవలసిన విషయం ఇదేనని నా మనవి.

బ్యాంకు రుణం అడిగేవాళ్లకు ఒక మాట. బ్యాంకుల సంఘం నమూనా విద్యారుణ పథకంలో హాస్టల్ ఫీజు కూడా లెక్కకు వస్తుంది. బయట ఉండవలసి వస్తే సహేతుకమైన వసతి, భోజన ఖర్చులూ వస్తాయి. నాలుగు లక్షల వరకు మార్జిన్ అడగరు. అందుకే దరఖాస్తులో ట్యూషన్ ఒక్కటే రాసి ఊరుకోకండి.

చేరే ముందు ఎవరైనా వెళ్లి చూడాలి. మెస్‌లో ఒక పూట తినండి. డివైడింగ్ మెస్ అయితే నెల ఖర్చును తిన్నవాళ్ల మధ్య పంచుతారు కనుక బిల్లు నెలనెలా మారుతుంది. పోయిన ఏడాది బిల్లులు చూపించమనండి. ఊరికి వెళ్లినప్పుడు మెస్ కట్ ఎన్ని రోజులకు ఇస్తారో అడగండి. బయటి హాస్టల్లో అడ్వాన్సు ఎంత తిరిగిస్తారు, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి అన్నవి రసీదు మీద రాయించుకోండి. జీఎస్టీ అదనం అంటే ఒప్పుకోవద్దు. నెలకు 20,000 లోపు ఉండి, వరుసగా 90 రోజులు ఉండేవాళ్ల హాస్టల్ వసతికి 2024 నుంచి ఆ పన్ను మినహాయింపు ఉంది.

ఎలక్ట్రికల్ వాణ్ని కాబట్టి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. స్విచ్‌బోర్డు దగ్గర ఆర్‌సీసీబీ ఉందా, గీజరుకు ఎర్తింగ్ ఉందా చూడండి. బకెట్లో హీటరు రాడ్ పెట్టి నీళ్లు కాచుకునే చోట పిల్లల్ని చేర్చకండి. ఒక్కటే మెట్లదారి ఉండి, దాని కింద వంటగది, కిటికీలన్నిటికీ తెరుచుకోని గ్రిల్స్ ఉంటే అద్దె ఎంత తక్కువైనా తిరిగి వచ్చేయండి.

ర్యాగింగ్ భయం చాలా ఇళ్లలో ఉంది. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం మొదటి ఏడాది వాళ్లను వీలైనంతవరకు వేరే బ్లాకులో ఉంచాలి. అలా ఉంచుతున్నారా అని వార్డెన్‌ను నేరుగా అడగండి. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 పిల్లల ఫోనులో వేసి పంపండి.

ఇప్పుడు సంఘానికి నా ప్రతిపాదన. పదిమంది పిల్లలకు నలభై వేల చొప్పున నాలుగు లక్షలతో ఒక నిధి పెడదాం. ఇది దానం కాదు, వడ్డీ లేని చేబదులు. నేను వేసిన లెక్కలోనే చూడండి. మొదటి సెమిస్టరుకు తండ్రి 15,000 పెట్టుకుంటాడు, మనం 40,000 నేరుగా కాలేజీకి కడతాం. ఆయన నెలకు 8,000 చొప్పున ఐదు నెలల్లో తీరుస్తాడు. బయటి హాస్టల్‌కు, బస్సుకు, తిండికి నెలనెలా అయ్యే 8,800 కన్నా అది తక్కువే. రెండో సెమిస్టరు 45,000కు ఆయన 5,000 తెస్తే అదే నలభై వేలు మళ్లీ తిరుగుతాయి. హామీగా ఆస్తి కాగితాలు వద్దు. పిల్లవాణ్ని ఎరిగిన మన బడి టీచరు ఒకరు మాట చెబితే చాలు.

ఒక నెల ఆలస్యమైతే ఏం చేస్తాం, అసలు తీర్చకపోతే ఏం చేస్తాం అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. ఆలస్యమైతే ఆగుదాం. తీర్చలేని ఇల్లు ఒకటి రెండు ఉంటే ఆ లోటును మనలో మనం పూడ్చుకుందాం. పిల్లవాడి చదువు ఆపే పని మాత్రం సంఘం చేయకూడదు.

రెండో ప్రతిపాదనకు డబ్బు అక్కర్లేదు. హైదరాబాద్‌లో ఉన్న మన పూర్వ విద్యార్థులు ఏ ప్రాంతంలో ఉంటున్నారో ఒక జాబితా రాద్దాం. కూకట్‌పల్లిలో ఉన్నవారు కూకట్‌పల్లి హాస్టలు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నవారు అక్కడి హాస్టలు ఒక ఆదివారం వెళ్లి చూసి, ఇందాక చెప్పినవన్నీ పరీక్షించి, ఆ తండ్రికి ఫోన్ చేస్తే చాలు. కూలి పని మానుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని ఆయన రెండుసార్లు తిరిగే అవసరం తప్పుతుంది.

గురువులను కోరేది ఒకటే. ఇంటర్‌కు వెళ్లిన పిల్లలతో సంబంధం తెంచుకోకండి. వెబ్ ఆప్షన్ల సమయానికి ఎవరికి అవసరం ఉందో మాకు ఒక్క పేరు చెప్పండి, మిగతాది మేం చూసుకుంటాం.

నిధికి నా వంతు నలభై వేలు ఈ రోజే కోశాధికారికి ఇస్తున్నాను. మిగిలిన తొమ్మిది వాటాలకు పేర్లు రాసుకోవడానికి పుస్తకం ఆయన దగ్గరే ఉంది.