ఇరుసు వేడి

(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)

నేను నేడును కావ్యప్రసంగమే చేయుదునని మీరు తలచియుందురు. కాని రైలు వాగను ఇరుసును గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. కారణము లేకపోలేదు. మన ఊరి ప్రక్కనే పట్టాలున్నవి; రాత్రింబవళ్ళు గూడ్సుబండ్లు పోవుచునే యున్నవి.

యుద్ధమధ్యమున దశరథుని రథమునకు కడసీల ఊడిపోగా కైక తన వ్రేలు దూర్చి చక్రమును నిలిపెనని కథకులు చెప్పగా వినియున్నాము. ఆ సాహసమును అందరును మెచ్చుకొందురు. నాకు మాత్రము, అంత కోలాహలములో సీల ఊడుటను కనిపెట్టిన ఆమె కన్ను ఇంకను గొప్పదని తోచును.

ఎద్దుబండికి కందెన తఱిగినచో ఇరుసు కీచుమని అరచి తన బాధ తానే చెప్పుకొనును. రైలు రొదలో ఆ అరుపు వినబడదు. పూర్వము వాగను ఇరుసు కొన ఒక పెట్టెలో తిరుగుచుండెడిది. అందులో నూనె తడిపిన నూలుపీచు కూరెడివారు. నూనె ఎండినచో రాపిడికి వేడి పుట్టి పీచు అంటుకొనెడిది. అందుచే బండి ఆగినచోట పనివారు పెట్టెలను చేతితో తాకి చూచుచు, చక్రములను సుత్తితో కొట్టుచు పోయెడివారు. ఖంగున మ్రోగినచో చక్రము మంచిది. బొంగురుగా పలికినచో పగులున్నట్లు అనుమానము. సంతలో కుండ కొనునప్పుడు మన ఇల్లాండ్రు చేయు పరీక్షయే ఇది.

ఇప్పుడు కందెనను లోపల మూసియుంచిన రోలరు బేరింగులు వచ్చినవి. ఇవి చాలకాలము మన్నును. కాని చెడుటకు మొదలిడినచో వేడి త్వరగా పెరిగి, ఇరుసు కొన మెత్తబడి తెగిపోవచ్చును. కావున పట్టాల ప్రక్కన పరారుణ కిరణములను గ్రహించు యంత్రములను నిలిపి, పోవుచున్న బండి ప్రతి బేరింగు వేడిని కొలుచుచున్నారు. బేరింగు ధ్వనిని విని, వేడి పుట్టకముందే లోపమును పట్టు యంత్రములును కలవు. చక్రపు అంచు చదునైనచో పట్టాపై పడు దెబ్బను కొలుచునవి వేరు.

ఇన్ని యుండియు ఏమి జరిగెనో వినుడు. 2023 ఫిబ్రవరి 3 రాత్రి, అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున ఈస్ట్ పాలస్టీన్ అను చిన్న ఊరిలో నార్ఫోక్ సదరన్ కంపెనీ గూడ్సుబండి పట్టాలు తప్పెను. ఆ మార్గమున సీబ్రింగ్ వద్ద నున్న యంత్రము ఒక బేరింగు బయటి గాలికంటె 38 ఫారన్‌హీటు డిగ్రీలు వేడిగా నున్నదని చూపెను. సుమారు 11 మైళ్ళ పిమ్మట సేలం యంత్రము 103 చూపెను. మరి 19 మైళ్ళు పోయిన పిదప ఈస్ట్ పాలస్టీన్ యంత్రము 253 చూపెను. ఆ కంపెనీ నియమము ప్రకారము 170 దాటిననే గాని బండి నాపి చూడనక్కరలేదు. 103 హద్దులోపలిదే గదా! బండిలోనివారికి హెచ్చరిక పోలేదు. 253కు హెచ్చరిక వచ్చెను. బండిని నిలుపబోవునంతలో 38 వాగనులు పడిపోయెను.

నేను లెక్కలు వ్రాసి బ్రదుకువాడను. పద్దు హద్దులోపల నున్నదా యని చూచుట ఏ గుమాస్తాయైనను చేయును. దానిని వెనుకటి పద్దుతో సరిచూచినప్పుడే లెక్క మాటాడును. 38 తరువాత 103 వచ్చినప్పుడు, నడుమ పెరిగిన 65ను ఎవరైన చూడవలసియుండెను. పైగా ఆ 103 సయితము నిజమైన వేడి కాదు. యంత్రము చూచునది బేరింగు పైపెంకును. నిప్పు పుట్టునది లోపల. సేలం చేరువనే ఒక కెమెరాలో బండి క్రింద మంటవంటి వెలుగు కనబడినది! అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2024లో విచారణ ముగించి, బేరింగు అప్పటికి ఎంత చెడినదో ఆ అంకె తెలుపలేదనియే తేల్చినది. యంత్రమును మాత్రమే నిందించుట న్యాయము కాదు. హద్దును నిర్ణయించినవారు, రెండు యంత్రముల నడుమ 19 మైళ్ళ ఎడము ఉంచినవారు మనుష్యులే.

ఆ రాత్రి ప్రాణనష్టము కలుగలేదు. కాని అయిదు తొట్టెలలో వినైల్ క్లోరైడు ఉండెను. ప్లాస్టిక్కు గొట్టములకు ముడిసరుకు, విషపదార్థము. తొట్టెలు ప్రేలునను భయముతో జనమును ఇండ్లనుండి పంపివేసి, 6వ తేదీన దానిని బయటికి వదలి తగులబెట్టిరి. అట్లు కాల్చుట అనవసరమని పిమ్మట మండలియే చెప్పినది.

మన దేశమున వాగనులను విప్పి బాగుచేయు కర్మాగారములలో నొకటి విజయవాడ చెంత రాయనపాడులో నున్నది. పట్టాల ప్రక్కన యంత్రములు ఇచ్చటను వచ్చుచున్నవి. అయినను మనుష్యుని కన్ను ఇంకను కాపలా కాయుచునే యున్నది. బండి పోవునప్పుడు గేటుమాన్ లేచి నిలబడి చూచుట మీరు గమనించియుందురు. అది ఊరక చూచుట కాదు, ఆతని విధి. చక్రము వద్ద పొగ గాని, నిప్పురవ్వలు గాని కనబడినచో పగలు ఎఱ్ఱజెండా, రాత్రి ఎఱ్ఱదీపము చూపవలెను. పొలమునుండి వచ్చు మన కంట అట్టిది పడినచో వెంటనే గేటుమాన్‌కో స్టేషనుకో చెప్పుడు. అవి దూరమైనచో 139కు ఫోను చేయుడు. బండి ఏ దిక్కునకు పోయినది, నిప్పు ఏ వైపున నున్నది చెప్పిన చాలును. ఎన్నవ వాగనో కూడ చెప్పగలిగినచో మరి మేలు. బండి పోవుచుండగా, నిప్పు కనబడిన వాగను మొదలు కడపటి వాగను వరకు లెక్కించుట సులభము.